తాకదు టీచరమ్మ చుక్కల గీత

ఆమెకు అసలు పేరొకటి ఉంది గానీ అది పింఛను కాగితాల మీద తప్ప ఎక్కడా కనబడదు. బడి గేటు దగ్గరి వాచ్‌మన్‌కూ, మందుల షాపతనికీ, రోడ్డు మీద స్కూటరాపి నమస్కారం పెట్టే నడివయసు మనుషులకూ ఆమె తాకదు టీచరమ్మే. ఆ పేరు వెనక బెంచీల్లో పుట్టింది. వెనక బెంచీల్లో పుట్టిన పేర్లకు ఆయుష్షు ఎక్కువ. కొన్నాళ్ళకు స్టాఫ్ రూములోకి వచ్చింది, ఆ తర్వాత చెప్పులు విప్పకుండా ఇంట్లోకే వచ్చేసింది. ఇంటి ముందుగదిలో మిషను పెట్టుకుని చొక్కాలు కుట్టే ఆమె భర్త కూడా, విసుగు పుట్టినప్పుడు "ఏమోయ్ తాకదూ" అని పిలుస్తాడు.

ఆమె లెక్కల టీచరు. పెద్ద తరగతులకు అకరణీయ ప్రమేయాల గ్రాఫులు చెప్పేది. పేరు విని దడుచుకోనక్కర్లేదు. పైన లవంలో ఒక ఎక్స్ ముక్క, కింద హారంలో ఇంకో ఎక్స్ ముక్క, మధ్యలో అడ్డగీత, అంతే సంగతి. కింది ముక్క ఎక్కడ సున్నా అయిపోతుందో అక్కడ గ్రాఫుకు దారి మూసుకుపోతుంది కాబట్టి అక్కడ నిలువుగా ఒక చుక్కల గీత గీస్తారు. ఎక్స్‌ను చాలా దూరం తోలుకుపోతే గ్రాఫు ఏ ఎత్తుకు దగ్గరవుతూ పోతుందో అక్కడ అడ్డంగా ఇంకో చుక్కల గీత గీస్తారు. పుస్తకంలో వీటిని అనంత స్పర్శరేఖలంటారు. అంత పెద్ద పేరు పలికేలోపు గంట కొట్టేస్తారని ఆమె చుక్కల గీతలనే అనేది.

ఆ పాఠం రోజు పక్క తరగతి పిల్లలు కూడా కిటికీల దగ్గర చేరేవాళ్ళు. ముందు చుక్కల గీతలు గీసేది. తర్వాత తరగతిలో అందరికంటే కోతిపిల్లాణ్ణి పిలిచి, చేతికి చెక్క స్కేలిచ్చి, చుక్కల గీత పక్కన కాపలా పెట్టేది. "తాకితే చెప్పరా, నెలంతా హోంవర్కు రద్దు" అనేది. సుద్దముక్కతో వంపు గీసుకుంటూ గీతకు దగ్గరగా, ఇంకా దగ్గరగా తీసుకొచ్చేది. పిల్లలు ఊపిరి బిగబట్టేవాళ్ళు. ఎవడో ఒకడు తాకింది టీచర్ అనేవాడు. వాణ్ణి పిలిచి, ముక్కు బోర్డుకు ఆనించి చూపించేది. వెంట్రుకవాసి సందు మిగిలే ఉండేది. అప్పుడు వెనక్కి తిరిగి, "తాకదు. గాక తాకదు" అనేది. తరగతంతా ఆ మాటే అరిచేది.

ఒక ఏడాది కాపలా పెట్టిన కోతి ఆమె మోచేతిని చిన్నగా పొడిచాడు. సుద్దముక్క వెళ్ళి గీతకు గుద్దుకుంది. వాడు హోంవర్కు రద్దని గంతులేశాడు. "తాకింది వంపు కాదురా, నీ వేలు. నీకు రెండింతలు హోంవర్కు" అంది ఆమె. ఆ కోతే పెరిగి పెద్దవాడై, జుట్టు పల్చబడి, ఇప్పుడు అదే బడికి హెడ్మాస్టరుగా ఉన్నాడు. ఆమె ఉద్యోగం ముగిసిన రోజున శాలువా కప్పి ఊరుకోలేదు. లెక్కల గదిలో బ్లాక్‌బోర్డు పైన, నీలం ఆయిల్ పెయింటుతో, జానెడేసి అక్షరాల్లో రాయించాడు: "వంపు చుక్కల గీతను తాకదు." ఆ రోజు ఆమె ఆ గోడను చూసి ఏడ్చింది. కళ్ళల్లో సుద్దపొడి పడిందని బుకాయించింది. ఆ రోజు ఆ గదిలో ఎవరూ సుద్ద పట్టుకోలేదు.

ఇంతలో ఇంటికి కోడలొచ్చింది. ఆ కోడలూ లెక్కలే చదివింది. అంతటితో ఆగితే బాగుండేది, అదే బడిలో, అదే ఖాళీలో, తాత్కాలిక టీచరుగా చేరింది. కొడుకు కళ్ళద్దాల షాపులో పని చేసేవాడు కాబట్టి అమ్మకూ భార్యకూ మధ్య ఏదైనా తేడా వస్తే, అద్దాలు తుడుచుకుంటూ అటు వెళ్ళిపోయేవాడు.

అత్తాకోడళ్ళు పోట్లాడుకునేవాళ్ళు కారు. మర్యాదగానే ఉండేవాళ్ళు. ఆ మర్యాదే ఇంట్లో అందరికీ ఇరుకుగా ఉండేది. టీచరమ్మకు చేతులు ఊరుకునేవి కావు. కోడలు రేపటి పాఠానికి రాసి పెట్టుకున్న లెక్కలో ఒక ప్లస్సును మెల్లగా మైనస్ చేసేది, కనిపెడుతుందో లేదోనని. మర్నాడు ఆ కాగితం వంటగదిలో టీ డబ్బా మీద ప్రత్యక్షమయ్యేది. తప్పు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన "ఇంకాస్త శ్రద్ధ అవసరం" అని రాసి ఉండేది. టీచరమ్మ మూతి ముడుచుకునేది. కాస్సేపాగి, ముందుగదిలోకెళ్ళి ఆ కాగితం భర్తకు చూపించి, "చూశారా, గట్టి పిల్లే" అనేది. కోడలి ఎదుట మాత్రం ఆ మాట నోరు జారేది కాదు.

ఆ ఉద్యోగాన్ని శాశ్వతం చేసే రోజు దగ్గర పడింది. కోడలు కొత్త పాఠ్యపుస్తకంలోంచి ఒక పాఠం చెప్పి చూపించాలి. పాఠం కూడా బడివాళ్ళే నిర్ణయించారు, హారంలో వర్గాలు ఉన్న గ్రాఫులు. చూసి మార్కులు వేసేది ఇద్దరు. ఒకరు హెడ్మాస్టరు, రెండోది పాత టీచరుగా మన టీచరమ్మ. సొంత కోడలికి నేను మార్కులు వేయడమేమిటని ఆమె అంటే, హెడ్మాస్టరు నవ్వేశాడు.

"మీకంటే కఠినంగా ఎవరు చూస్తారు టీచర్? నాకు రెండింతలు హోంవర్కు ఇచ్చిన చెయ్యి అది."

కోడలు వెనకగదిలో బీరువా తలుపు మీద సుద్దతో పాఠం సాధన చేసుకుంటుంటే, టీచరమ్మ కూరగాయల పళ్ళెం పట్టుకుని, ఊరికే అటు వచ్చినట్టు వచ్చింది. పైన ఎక్స్, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు. ప్లస్ రెండు దగ్గర ఒక నిలువు చుక్కల గీత, మైనస్ రెండు దగ్గర ఒకటి. ఎక్స్ అక్షం వెంటే అడ్డం చుక్కల గీత. అంతవరకూ ముచ్చటగానే ఉంది. ఎడమ ముక్క వచ్చింది, కుడి ముక్క వచ్చింది. మధ్య ముక్క పైనుంచి దిగి, అడ్డం చుక్కల గీతను అడ్డంగా కోసుకుంటూ కిందికి వెళ్ళిపోయింది.

టీచరమ్మ పళ్ళెంతో సహా బీరువా దగ్గరికి వచ్చేసింది.

"ఆగాగు. గీతను కోసేశావు."

"కొయ్యాలి అత్తయ్యా. అది అక్కడ దాటుతుంది."

"దాటుతుందా? అదేమన్నా రైలు పట్టాలా?"

"ఎక్స్ స్థానంలో సున్నా పెట్టి చూడండి."

"నేనెందుకు పెడతాను?"

"పైన సున్నా, కింద మైనస్ నాలుగు. సున్నాను మైనస్ నాలుగుతో భాగిస్తే సున్నాయే కదండీ. అంటే గ్రాఫు సరిగ్గా ఆ గీత మీదే ఉంది."

టీచరమ్మ బీరువా వైపు చూసింది, కోడలి వైపు చూసింది, పళ్ళెంలోకి చూసింది.

"పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమో చూసి రా" అంది.

పొయ్యి మీద పాలు లేవు. పొయ్యే వెలగలేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అయినా కోడలు వెళ్ళి చూసి వచ్చింది.

మర్నాడు కోడలు బడికి వెళ్ళగానే టీచరమ్మ వంటగది తలుపు దగ్గరగా వేసుకుంది. కాగితం మీద వేస్తే కోడలి కంట పడుతుంది. అందుకని గచ్చు మీదే వేయదలచింది. చదరపు పలకల నేల, గ్రాఫు కాగితానికి ఏం తక్కువ? గ్యాస్ సిలిండరును దొర్లించి మైనస్ రెండు దగ్గర నిలబెట్టింది. బియ్యం డబ్బాను ఈడ్చి ప్లస్ రెండు దగ్గర పెట్టింది. అవి నిలువు గీతలు. రెండింటి మధ్య భర్త తెల్లదారం ఒకటి లాగి కట్టింది. అది అడ్డగీత. ముందుగదిలోంచి చొక్కా గుండీల డబ్బా పట్టుకొచ్చింది. ఒక్కో బిందువుకు ఒక్కో గుండీ.

ఎక్స్‌కు ఒకటి ఇచ్చింది. గుండీ దారానికి కింద పడింది. మైనస్ ఒకటి ఇచ్చింది. గుండీ దారానికి పైన కూర్చుంది. అరలు ఇచ్చింది, పావులు ఇచ్చింది, పదో వంతులు ఇచ్చింది. ఎడమవన్నీ పైన, కుడివన్నీ కింద. రెండు వైపులా గుండీలు మధ్యకు జరుగుతూ దారాన్ని ఒరుసుకోవడం మొదలుపెట్టాయి. గుండీకి మందం ఉంది కాబట్టి తగులుతోంది గానీ బిందువైతే తగలదని ఆమె తనకు తానే సర్దిచెప్పుకుంది. ఏ అంకె అయినా ఇచ్చింది గానీ సున్నా మాత్రం ఇవ్వలేదు. దాని దగ్గరికి వచ్చినప్పుడల్లా నడుం నొప్పి వచ్చింది, దాహం వేసింది, వీధిలో ఎవరో పిలిచినట్టు వినిపించింది.

అప్పుడు టైలరు తలుపు తోసుకుని వచ్చాడు. ముందుగదిలో ఒకాయన గుండీల్లేని చొక్కా వేసుకుని కూర్చున్నాడు.

"ఏమోయ్, నా గుండీలు..." అని, నేల చూసి ఆగిపోయాడు. సిలిండరు చూశాడు, డబ్బా చూశాడు. ఆమెతో కాపురం చేసినవాడు చిన్న చిన్న వాటికి ఆశ్చర్యపోడు. వరుసంతా ఒకసారి చూసి, "మధ్యలో ఒకటి కుట్టలేదేం?" అన్నాడు.

"అక్కడ పెట్టకూడదు."

"ఎందుకని?"

"గోడ మీద రాసి ఉంది."

టైలరు తల ఊపి, తనకు కావలసిన గుండీలు ఏరుకున్నాడు. వెళ్ళబోతూ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"చెప్పొద్దంది గానీ చెబుతున్నా. అమ్మాయి ఆ కొత్త లెక్క వెయ్యనంటోంది. ఆ గోడ కింద నిలబడి అత్తయ్య మాట తప్పని పిల్లలకు ఎలా చెప్పను మామయ్యా, పాత లెక్కే వేసేస్తాను అంది. కొత్త పాఠం చెప్పకపోతే ఉద్యోగం ఇవ్వరుగా అన్నాను. పోతే పోనీండి అంది."

ఆయన వెళ్ళిపోయాక టీచరమ్మ చెదిరిన గుండీలు సర్దింది. ఆమెకు ముందు కోపం వచ్చింది, తన మీద జాలి చూపించమని ఎవరడిగారని. కోపం దిగాక సిగ్గేసింది. సిగ్గు వెనక భయం ఉంది. ఆ వాక్యం కాస్తా పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందన్న భయం. పేరు దానిదే, గోడ దానిదే, దండాలు దానివే.

డబ్బాలోంచి ఒక గుండీ తీసి సున్నా దగ్గర పెట్టింది. దారం సరిగ్గా గుండీ రంధ్రాల మధ్యనుంచి పోయింది.

అప్పుడు గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. తను ఇన్నేళ్ళూ వేయించిన లెక్కలన్నీ ఒకే జాతివి. పైన ఒక ఎక్స్, కింద ఒక ఎక్స్, వర్గాల ఊసు లేదు. ఆ జాతి గ్రాఫులు నిజంగానే ఏ చుక్కల గీతనూ తాకవు. పాత పుస్తకంలో ఉన్నవి అవే. తను అబద్ధం చెప్పలేదు. ఒక వీధి తిరిగొచ్చి ఊరంతా ఇంతేనని చెప్పింది. ఆమె గుండీలు ఏరి డబ్బాలో పోసి, దారం చుట్టేసి, సిలిండరును యథాస్థానానికి దొర్లించింది. సాయంత్రం కోడలు వచ్చేసరికి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని బీన్సు తుంచుతోంది.

పాఠం రోజున లెక్కల గది కిక్కిరిసింది. హెడ్మాస్టరు ముందు బెంచీలో, టీచరమ్మ చివరి బెంచీలో కూర్చున్నారు. చివరి బెంచీ ఎందుకంటే, అక్కణ్ణుంచే అన్నీ కనబడతాయి, ఆ సంగతి ఆమెకంటే బాగా ఎవరికి తెలుసు. కోడలు బోర్డు దగ్గర నిలబడింది. తల పైన నీలం అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. ఆమె వాటి వైపు చూడకుండా పాత లెక్క రాసింది. పైన ఎక్స్ ప్లస్ ఒకటి, కింద ఎక్స్ మైనస్ రెండు.

హెడ్మాస్టరు కనుబొమలు ముడిపడ్డాయి. ఇది చెప్పమన్న పాఠం కాదు. జేబులోంచి పెన్ను తీశాడు.

చివరి బెంచీలోంచి ఒక చెయ్యి లేచింది. గాజుల చప్పుడుకు అందరూ వెనక్కి తిరిగారు.

"టీచర్, ఒక సందేహం" అంది టీచరమ్మ, చేతులు కట్టుకుని లేచి నిలబడి. పిల్లలు కిసుక్కున నవ్వారు. "ఆ లెక్క మాకు వచ్చు. ఇంకోటి వెయ్యండి. పైన ఎక్స్, కింద ఎక్స్ స్క్వేర్ మైనస్ నాలుగు."

కోడలి ముఖంలో రంగు మారింది. ప్లస్సును మైనస్ చేసే చెయ్యి ఏదో ఆమెకు తెలుసు. ఇది ఏ రకం మైనసో అర్థం కాలేదు. నిండు తరగతిలో, హెడ్మాస్టరు ఎదుట, గోడ కింద నిలబెట్టి అడుగుతోంది. కోడలు పాత లెక్క తుడిచేసి, కొత్తది రాసింది.

నిలువు చుక్కల గీతలు రెండూ గీసింది. అడ్డం చుక్కల గీత గీసింది. ఎడమ ముక్క, కుడి ముక్క గీసింది. మధ్య ముక్క పైనుంచి మొదలుపెట్టి కిందికి దిగుతూ, అడ్డగీతకు వేలెడు దూరంలో చెయ్యి ఆపేసింది.

హెడ్మాస్టరుకు చిన్నప్పటి పూనకం వచ్చింది. బల్ల మీది స్కేలు అందుకుని, బోర్డు దగ్గరికెళ్ళి, చుక్కల గీత వెంట పట్టుకుని నిలబడ్డాడు. "నేను కాపలా. పిల్లలూ, ఇప్పుడేమవుతుంది?"

పిల్లలు గోడ చూసి చదివారు. "తాకదు."

కోడలు వెనక్కి తిరిగి చివరి బెంచీ వైపు చూసింది.

"సున్నా పెట్టి చూడండి టీచర్" అంది టీచరమ్మ.

కోడలి పెదవుల చివర ఏదో మెరిసింది. బోర్డు మూల రాసింది, పైన సున్నా, కింద మైనస్ నాలుగు, వచ్చింది సున్నా. ఆ పైన సుద్దముక్కను వదలకుండా, హెడ్మాస్టరు స్కేలు మీదుగా, ఆయన బొటనవేలి గోరు పక్కనుంచి వంపును కిందికి దింపేసింది. ఆయన వేలు మీద తెల్లటి చార పడింది.

"టీచర్" అన్నాడు హెడ్మాస్టరు. ఆయన పిలిచింది కోడల్ని కాదు. "ఇది తప్పు కదండీ? మీరే కదా చెప్పారు. నేను పెయింటు కూడా వేయించాను."

టీచరమ్మ బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చింది. సంచీలోంచి ఎర్ర సుద్దముక్క తీసింది. పిల్లల తప్పులు దిద్దడానికి వాడేది, ఇన్నేళ్ళూ సంచీ మార్చినా అది మాత్రం మారలేదు. ఒక బెంచీని బోర్డు కిందికి జరిపించింది, పైనున్న అక్షరాలు అందాలంటే ఎక్కాలి. ఆమె ఎవరి ఆసరా తీసుకునే మనిషి కాదు, బస్సు కూడా కడ్డీ పట్టుకోకుండా ఎక్కుతుంది. ఇప్పుడు చెయ్యి చాచి కోడలి భుజం పట్టుకుంది. కోడలు కదలకుండా నిలబడింది.

బెంచీ ఎక్కి, నీలం వాక్యంలో మొదటి మాట తర్వాత ఒక చిన్న ఎర్ర గుర్తు పెట్టి, దాని పైన ఒక్క మాట చేర్చింది. "నిలువు."

"చదవరా" అంది. వెంటనే నాలిక కరుచుకుని, "చదవండి హెడ్మాస్టరుగారూ" అంది.

ఆయన స్కేలు పట్టుకునే చదివాడు. "వంపు నిలువు చుక్కల గీతను తాకదు."

"అది నిజం. అక్కడ కింద సున్నా ఉంది, ఆ గీత మీద గ్రాఫే ఉండదు. నేను ఇన్నాళ్ళూ చెప్పినదాంట్లో నిజం ఆ సగమే."

"మరి అడ్డం గీతను, టీచర్?"

"అది నన్ను అడక్కు. మీ టీచరమ్మను అడుగు."

హెడ్మాస్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. స్కేలు బల్ల మీద పెట్టి, ముందు బెంచీలో ఇద్దరు పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. "చెప్పండి టీచరమ్మా" అన్నాడు కోడలితో.

కోడలు చెప్పింది. అడ్డం చుక్కల గీత చాలా దూరం వెళ్ళాక గ్రాఫు ఏ ఎత్తుకు దగ్గరవుతుందో చెబుతుందంతే, దగ్గర్లో దాటొద్దని ఎక్కడా అనలేదంది. ఒకసారి దాటవచ్చు, రెండుసార్లు కూడా దాటవచ్చు, అది లెక్కను బట్టి ఉంటుందంది. టీచరమ్మ బెంచీ మీదే నిలబడి వింది. దిగడానికి మళ్ళీ ఆ భుజమే కావాలి, అదింకా పాఠం చెప్పడంలో ఉంది.

పాఠం ముగుస్తుండగా చివరి బెంచీలో ఎవరో "దాటు టీచరమ్మ" అని గొణిగారు. పక్కవాళ్ళు నోళ్ళు మూసుకుని నవ్వారు. కోడలికి వినబడలేదు. వెనక బెంచీల మాటలకు చెవులు అలవాటైన అత్తగారికి వినబడింది. మార్కుల కాగితం ఇంకా తన చేతికి రాలేదు. హెడ్మాస్టరు ఇంకా ఏమీ అనలేదు. అయినా పేరు పుట్టేసింది. ఆమె నిశ్చింతగా చెయ్యి చాచి, కోడలి భుజం పట్టుకుని, మెల్లగా కిందికి దిగింది.